ఐదో రోజు నుంచి పెట్టిన పలకలు

మార్కాపురం,
2025 జూన్ 9, సోమవారం.

చిరంజీవి ప్రియకు,

నిన్న సాయంత్రం నువ్వు ఫోన్లో అడిగినదానికి ఈ ఉత్తరం జవాబు. ఫోన్లో అన్న మాటకు తేదీ ఉండదు, సాక్ష్యం ఉండదు. ఆరు వేల పలకల సంగతి గాలిలో తేల్చేది కాదు. కాబట్టి ఈ పని పూర్తయ్యేవరకు నువ్వు నాకు ఉత్తరాలే రాయాలి, నేనూ ఉత్తరాలే రాస్తాను. తొందరయితే స్పీడ్ పోస్టు ఉంది.

నాకు అర్థమైన సంగతి ఇది. తప్పయితే దిద్దు. విశాఖపట్నంలో మీ నగరపాలక సంస్థకు ఒక గోల్ఫ్ మైదానం ఉంది. అక్కడ ఆడేవాళ్లు కూర్చోవడానికి, వానకు తలదాచుకోవడానికి కొత్త పెవిలియన్ కడుతున్నారు. నువ్వు ఆ పనికి అసిస్టెంట్ ఇంజనీరువి. ప్లాను గీసినాయన కప్పుకు విదేశీ పలకరాయి రాశాడు. మీటింగులో నువ్వు లేచి, మా మార్కాపురం పలక దానికేం తీసిపోదు, మా అవ్వ దగ్గరుండి ఏరి పంపిస్తుంది అన్నావు. నన్ను అడగకముందే నా పేరు చెప్పావు. నువ్వు చెప్పింది నిజం కాబట్టి ఈసారికి ఆ తప్పు వదిలేస్తున్నాను.

మా నాయన బడిపిల్లల పలకలు చేసి బతికినవాడు. ఆరేళ్లప్పటినుంచి ఆయన పక్కన కూర్చుని పలకలు మోగించి చూశాను. తర్లుపాడు హైస్కూల్లో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినా ఆ విద్య మరవలేదు. పలకను ఎడమచేతి మూడువేళ్ల మీద నిలిపి, చిన్న ఇనుప చువ్వతో అంచు దగ్గర తట్టాలి. మంచి పలక కంచుగిన్నెలా మోగుతుంది. లోపల వెంట్రుకంత పగులున్నా మొద్దుగా పలుకుతుంది. ఆ పగులు కంటికి కనపడదు. కప్పెక్కి రెండు వానకాలాలు తడిసి, ఒక పెద్ద గాలి వచ్చినప్పుడు రెండు ముక్కలై కింద పడుతుంది. పలక అంచు కత్తితో సమానం.

నాగులు షెడ్డులో పని చేయిస్తాను. వాడు నా దగ్గర చదువుకున్నవాడే. గని నుంచి తీసిన రాయి తేమ ఆరకముందే పొరలు విడదీయాలన్న బుద్ధి వాడికొక్కడికే మిగిలింది. రోజుకు మూడు వందల చొప్పున ఇరవై ఒక్క రోజులు. ప్రతి పలకా నేనే మోగించి చూస్తాను. ఏ రోజు పలకలు ఆ రోజు పెట్టెల్లోనే ఉంటాయి, పెట్టె మీద ఆ రోజు సంఖ్య సుద్దతో రాసి ఉంటుంది. మీరు కప్పేటప్పుడు కూడా అదే వరుసలో కప్పాలి.

కప్పు వాలు ఎంత? ఆ కప్పు కింద ఎవరు నిలబడతారు? ఈ రెండింటికీ జవాబు రాయి.

ఆశీస్సులతో,
శ్రీశైలమ్మ

*

సైట్ ఆఫీసు, విశాఖపట్నం,
జూన్ 16.

అవ్వకు,

నీ ఉత్తరం మా డిప్యూటీ ఇంజనీరు నిత్యానందం గారికి చూపించాను. రెండుసార్లు చదివి, "మీ అవ్వగారు మన డిపార్టుమెంటులో పుట్టాల్సింది, టెండర్లన్నీ బాగుపడేవి" అన్నారు. నమూనాకు పంపిన పన్నెండు పలకలు ల్యాబులో పాసయ్యాయి. ఒక్కొక్క పలకకూ ల్యాబు పరీక్ష ఎటూ కుదరదు, ప్రతి పలకా మీ అవ్వ చూస్తానంటున్నారు కదా, అదే మనకు పరీక్ష అని ఫైల్లో నీ ఉత్తరం కాపీ పెట్టారు. నీ పేరు ప్రభుత్వ ఫైలెక్కింది అవ్వా.

కప్పు వాలు ముప్పై మూడు డిగ్రీలు. చాలా?

కింద ఎవరుంటారంటే, ఇది డబ్బున్నవాళ్ల క్లబ్బు కాదు. నగరపాలక సంస్థది కాబట్టి ఎవరైనా టిక్కెట్టు కొని ఆడొచ్చు. పోర్టులో రిటైరైనవాళ్లు వస్తారు. బ్యాగులు మోసే మనుషులు నలభై మంది ఉన్నారు, ఇన్నేళ్లూ వాళ్లకు రేకుల షెడ్డు ఒక్కటే నీడ. శనివారం మున్సిపల్ బడుల పిల్లలకు ఉచితంగా ఆట నేర్పుతారు, అరవై మంది దాకా ఉంటారు. వాన పడితే అందరూ పెవిలియన్ వరండాలోకే రావాలి. అందుకే వరండా మీదికి కప్పు ఆరడుగులు ముందుకు వచ్చింది.

ఆటేమిటని అడగలేదు కానీ చెబుతాను. చిన్న తెల్లబంతిని కర్రతో కనపడనంత దూరం కొట్టి, మళ్లీ దాన్ని వెతుక్కుంటూ నడిచి వెళ్తారు. రోజంతా ఇదే.

ఇది నేను ఒంటరిగా చూస్తున్న మొదటి పని. ప్రొబేషన్ డిసెంబరులో అయిపోతుంది. మీటింగులో నీ పేరు చెప్పినప్పుడు భయం వేసింది, ఇప్పుడు కాస్త ధైర్యంగా ఉంది. నీ చేతిలో పడ్డ పనికి రెండో మాట ఉండదని నాకు తెలుసు.

ప్రియ

*

మార్కాపురం,
జూలై 18.

చిరంజీవి ప్రియకు,

పని అయిపోయింది. ముప్పై మూడు డిగ్రీలు చాలు. పెట్టెలు రేపు లారీ ఎక్కుతాయి. లెక్క ఇది.

మోగించి చూసినవి మొత్తం 6,300. మొదటి నాలుగు రోజుల్లో చూసినవి 1,200, తీసేసినవి 58. ఐదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు వరకు చూసినవి 5,100, తీసేసినవి 19. పంపుతున్నవి 6,223. మీకు కావలసింది ఆరు వేలు. మిగిలినవి విరిగినవాటి స్థానంలో వాడుకోవచ్చు.

మొదట్లో గని పైపొర రాయి, అందుకే ఎక్కువ పోయాయి. లోపలి రాయి బాగుంది.

రోజూ ఎనిమిది గంటలకల్లా షెడ్డులో ఉండేదాన్ని. మొదటి నాలుగు రోజులు రూతమ్మ నాకెదురుగా కూర్చుని పలకలు అందించింది. నీకు గుర్తుందో లేదో, నలభై ఏళ్లుగా పలకల షెడ్లలోనే పని చేస్తున్న మనిషి, నా దగ్గర ఏడో తరగతి వరకు చదివింది. నోరు మాత్రం ఊరుకోదు. "టీచరమ్మా, గోలీలాటకు ఇంత పెద్ద ఇల్లా, ఆడేవాళ్లు ఏంది, రాజులా?" అని ఒకటే నవ్వు. ఒకసారి నేను ఒక పలక మంచివాటిలో పెట్టబోతే, దాన్ని ఇంకోసారి తట్టమంది. నా పని నాకు నేర్పవద్దని చెప్పాను. కానీ మళ్లీ తట్టి, పక్కన పడేశాను. ఐదో రోజున కూతురి కానుపుకు పొదిలి పోయింది. తర్వాత నాగులు మనుషులు అందించారు.

ఏడో రోజు సాయంత్రం లెక్కలో మూడు పలకలు తగ్గాయి. నాగులును నిలబెట్టి అడిగాను. గోడ పక్క నుంచి ఆ మూడింటినీ తెచ్చి ఇచ్చాడు. ఎవరో పొరపాటున పక్కన పెట్టారట. తిరిగి పెట్టెలో పెట్టించాను. లెక్క విషయంలో ఇంత అజాగ్రత్త పనికిరాదని గట్టిగా చెప్పాను. ఆ తర్వాత ఒక్క పలక కూడా తేడా రాలేదు.

నాకు ఫోన్లు చేయవద్దు. మొన్న మూడుసార్లు చేశావని పక్కింటివాళ్లు చెప్పారు. అప్పుడు పనిలో ఉన్నాను.

ఆశీస్సులతో,
శ్రీశైలమ్మ

*

విశాఖపట్నం,
ఆగస్టు 29.

అవ్వకు,

పెవిలియన్‌ను నువ్వు చూడాలి. తెల్లగోడలు, వాటి మీద మన పలక. ఎండలో బూడిదరంగు, వాన పడితే ముదురు నీలం. రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి చూస్తున్నారు. బ్యాగులు మోసే ఆయన ఒకరు, మా ఇంటికీ ఇట్లాంటిది వేయిస్తావా అమ్మా అని అడిగాడు. నువ్వు చెప్పినట్టే పెట్టెల సంఖ్యల వరుసలో కప్పించాను. తూర్పు వాలు అడుగు వరుసలతో మొదలుపెట్టి, పడమటి వాలు కొసతో ముగిస్తాం. ఇప్పటికి నాలుగు వేల పలకలు ఎక్కాయి. అక్టోబరు 24న ప్రారంభోత్సవం అంటున్నారు.

మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? గిద్దలూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. పోయిన వారం నీ దగ్గరికి వచ్చినప్పుడు టీవీ మోత వీధి చివరికి వినపడిందంట, అవ్వకు ఈ మధ్య వార్తల మీద ఇంత ఇష్టం ఏందని నవ్వింది.

ఒక చిన్న సంగతి. కప్పు వేస్తున్న పాల్ రాజు మేస్త్రి, మేకు కొట్టేటప్పుడు పలకలు విరుగుతున్నాయంటున్నాడు. మొదట్లో అట్లా లేదు, ఐదో నంబరు పెట్టె విప్పినప్పటినుంచి ఎక్కువయిందట. ఒక పలక నా చేతికిచ్చి, "వినండి మేడమ్, ఇది మోగట్లేదు" అన్నాడు. నేను తట్టాను. నాకు తెలియలేదు. మోగినట్టే ఉంది, మోగనట్టే ఉంది. నువ్వు అన్నీ చూసి పంపినవే కాబట్టి అతనికి సర్దిచెప్పాను. దారిలో లారీ కుదుపులకు అట్లా అయ్యే అవకాశం ఉందా? ఊరికే అడుగుతున్నాను.

ప్రియ

*

మార్కాపురం,
సెప్టెంబరు 4.

ప్రియకు,

నీ ఉత్తరం అందింది.

పలక విరగడానికి కారణాలు మూడు. పెట్టెల్లో పలకలను పడుకోబెట్టి పేర్చడం. మేకు రంధ్రం ముందువైపు నుంచి పొడవడం. మేకును పూర్తిగా దిగగొట్టడం. పలక మేకుకు వేలాడాలి, మేకుతో బిగించకూడదు. మీ మేస్త్రి ఈ మూడింటిలో ఏది చేస్తున్నాడో చూడు. ఇంజనీరువి, నిలబడి చూడటం నీ పని.

ఎవరో మేస్త్రి చెబితే నా పని మీద నీకు అనుమానం వచ్చింది. వచ్చాక, ఊరికే అడుగుతున్నాను అని రాయకూడదు. ఊరికే ఎవరూ ఏదీ అడగరు.

ప్రతి పలకను మోగించాను. లెక్క నీ దగ్గర ఉంది.

మోకాళ్లు మామూలే. నా టీవీ సంగతి మీ అమ్మకు అనవసరం.

శ్రీశైలమ్మ

*

విశాఖపట్నం,
సెప్టెంబరు 22.

అవ్వా,

నీకు కోపం తెప్పించినందుకు క్షమించు. పాల్ రాజు పక్కన రెండు రోజులు నిలబడి చూశాను. రంధ్రాలు వెనకనుంచే పొడుస్తున్నాడు. మేకులు వదులుగానే ఉంచుతున్నాడు. పెట్టెలు దింపినప్పుడు నేనే ఉన్నాను, పలకలన్నీ నిలువుగానే ఉన్నాయి.

శుక్రవారం గాలివాన వచ్చింది. పెద్దదేమీ కాదు, మామూలు సముద్రపు గాలి. శనివారం పొద్దున వెళ్లేసరికి వరండాలో పలక ఒకటి పడి ఉంది. సగం ముక్క. కొత్తగా వేసిన గచ్చులో రెండంగుళాల గంటు పడింది. ఇంకో గంటకు పిల్లలు వచ్చి సరిగ్గా అక్కడే బ్యాగులు పెట్టుకుంటారు.

అది చూసింది నేను, పాల్ రాజు. అతను ముక్కలు ఏరి గోనెలో వేశాడు. ఎవరైనా అడిగితే మేకు ఊడిందని చెబుదామా మేడమ్ అన్నాడు. సరే అన్నాను. అన్న క్షణం నుంచి ఆఫీసులో కూర్చున్నా, బస్సులో ఉన్నా నా కళ్లు ఆకాశం మీదే. చెట్టు కొమ్మ ఊగితే పక్కకు జరుగుతున్నాను. నిన్న భోజనాల దగ్గర ఎవరో స్టీలు ప్లేటు జారవిడిస్తే లేచి నిలబడ్డాను.

అక్టోబరు పదిన నిత్యానందం గారు పని పూర్తయిన కాగితం మీద సంతకం పెట్టాలి. ఫైల్లో ఒక్క కాగితం తక్కువగా ఉంది, మీ అవ్వగారు పని మొదట్లో రాసింది ఉంది, పూర్తయ్యాక రాసింది లేదు అన్నారు.

అవ్వా, ఒక్క వాక్యం చాలు. పంపిన పలకలన్నీ మోగించి, విని, మంచివని తేల్చుకున్నాకే పంపాను అని రాసి సంతకం పెట్టి పంపు. నీ మాట కాగితం మీద చూస్తే నాకూ నిద్ర పడుతుంది. శుక్రవారం పడింది ఒక్కటే, దారిలో దెబ్బ తిన్నదే అని నమ్ముతాను.

ప్రియ

*

మార్కాపురం,
సెప్టెంబరు 30.

చిరంజీవి ప్రియకు,

నువ్వడిగిన వాక్యం పంపడం లేదు. ఎందుకో రాస్తున్నాను, వరుసగా చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజే కాగితం తీసుకుని కూర్చున్నాను. పంపిన పలకలన్నీ మోగించి, అని రాశాను. అది నిజం. విని, అన్న మాట దగ్గర కలం కదలలేదు. కాగితం పక్కన పెట్టాను. తర్వాత ఆటో ఎక్కి నాగులు షెడ్డుకు పోయాను.

రూతమ్మ పొదిలి నుంచి వచ్చేసింది. దాన్ని పది పలకలు తెమ్మన్నాను, మంచివీ పగుళ్లవీ కలిపి, ఏవి ఎన్నో నాకు చెప్పకుండా. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. వెనక అది ఒక్కొక్కటీ తట్టింది, నేను కాగితం మీద మంచిదనో పగులుదనో రాస్తూ పోయాను. పదికి పదీ మంచివని రాశాను. వాటిలో ఏడు పగుళ్లవి. పదికి మూడు మార్కులు. ముప్పై రెండేళ్లలో మూడు మార్కులకు నేను ఎవరినీ పాస్ చేయలేదు.

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. సన్నని మోతలు రెండు చెవులకూ అందడం లేదట. ఇది ఒక్క రోజులో వచ్చేది కాదు, రెండు మూడేళ్లుగా తగ్గుతూ వచ్చి ఉంటుందన్నాడు. నిరుటి చలికాలం నుంచి ఫోన్లో మాటలు కుండలోనుంచి వచ్చినట్టు ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఉత్తరాలే రాయాలని నీకు షరతు పెట్టింది సాక్ష్యం కోసం కాదు. నీ మాట నాకు తెలియడం లేదని నీకు తెలియకూడదని.

నీకు మొదట వచ్చే ప్రశ్న, మరి తొలి నాలుగు రోజులు 58 ఎట్లా తీసేశాను అని. నాకూ అదే వచ్చింది. రూతమ్మే చెప్పింది. "మోగకుంటే నా మొగం చూసి తీసేస్తాంటివి టీచరమ్మా. నేనే చెయ్యి చాపి పక్కకు పట్టుకుంటి." నిజమే. నేను చూసింది దాని ముఖం. నాకు తెలియకుండానే చూశాను. అది పొదిలి పోయినాక నా ఎదురుగా కూర్చున్నవాళ్లకు పలక సంగతి తెలియదు, వాళ్ల ముఖాల్లో ఏమీ లేదు. పలకలన్నీ నాకు ఒకేలా వినిపించాయి. అన్నీ ఒకేలా ఉన్నాయంటే రాయి బాగుందనుకున్నాను. ఆ తర్వాత తీసేసిన 19, అంచులు చిట్లి కంటికి కనపడినవి.

నాగులుకు ఆరో రోజే అనుమానం వచ్చిందట. ఎందుకు చెప్పలేదని అడిగాను. తల వంచుకుని నిలబడ్డాడు, నలభై ఐదేళ్ల కింద తొమ్మిదో ఎక్కం రాక నిలబడినట్టే. చివరికి అన్నాడు, "ఆ మూడు పలకలు నేనే తీసి పెట్టినా టీచరమ్మా. మోగలేదవి. నువ్వు లెక్క తక్కువాయెనని అడిగితివి. మల్లా పెట్టేసినా. నీకు తప్పని చెప్పేది ఎట్ల? మాకు లెక్కలు నేర్పింది నువ్వే గదా."

లెక్క కుదిరింది. పలక కుదరలేదు.

ఇప్పుడు నీకు కావలసిన లెక్క. మొదటి నాలుగు రోజుల్లో 1,200కు 58 పోయాయి. అదే చొప్పున తర్వాతి 5,100లో 246 పోవాలి. నేను తీసింది 19. అంటే ఇంచుమించు 227 పగుళ్ల పలకలు మీకు పంపాను. మేకు దెబ్బకు విరిగినవి పోగా మిగిలినవన్నీ నీ కప్పు మీద ఉన్నాయి. ఒకటి నుంచి నాలుగు పెట్టెలవి నమ్మవచ్చు. ఐదు నుంచి నమ్మవద్దు. మీ మేస్త్రి చెప్పింది నిజం. అతని చెవి మంచిది.

ఈ ఉత్తరంతో పాటు నిత్యానందం గారికి వేరే ఉత్తరం పెట్టాను. కవరు అంటించలేదు. నువ్వు చదివి ఇవ్వు. తప్పు నాదని, నీకు తెలియదని అందులో ఉంది. కానీ మేకు ఊడిందని చెబుదామంటే సరేనన్నది నువ్వే. ఆ ముక్క నేను రాయలేదు. నువ్వే చెప్పాలి.

అవ్వ

*

విశాఖపట్నం,
అక్టోబరు 7.

అవ్వా,

మూడు రోజులు నీ ఉత్తరాలు రెండూ సొరుగులో పెట్టి తాళం వేశాను. ముందు అది చెప్పాలి.

నీ మీద చాలా కోపం వచ్చింది. నీకు ముసలితనం వచ్చిందని కాదు. నాకు ఒక్కదానికైనా చెప్పి ఉంటే, ఫోన్ ఎత్తకపోతే పనిలో ఉన్నావని నమ్మేదాన్ని కాదు కదా. ఆ కోపంలో నీ జూలై ఉత్తరం తీసి మళ్లీ చదివాను. 58, తర్వాత 19. రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి పంపావు. పదో తరగతి పిల్లకైనా అనుమానం రావాలి. ఇంజనీరునై ఉండి నేను వాటిని చూడనే లేదు. అవ్వ లెక్క కదా అని చూడలేదు. నాగులు మామకూ నాకూ తేడా ఏముంది? ఆయన కనీసం మూడు తీసి పక్కన పెట్టాడు.

శనివారం పిల్లలు వచ్చారు. మబ్బు పట్టింది. ఉత్తరాలు ఇంకా సొరుగులోనే ఉన్నాయి. వాన మొదలవగానే అరవై మందీ కర్రలు పట్టుకుని వరండాకేసి పరిగెత్తారు. నేను అడ్డం నిలబడి చేతులు చాపాను. లోపలికి ఎవరూ రావద్దు, పోయి రేకుల షెడ్డులో నిలబడండి అని కేకలేశాను. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి తడుస్తూ, "కొత్త ఇల్లు మాక్కాదా టీచర్?" అంది. నన్నూ టీచరే అంటారు వాళ్లు. షెడ్డులో సగం మందికే చోటు. మిగతావాళ్లు వానలోనే నిలబడ్డారు. నేనూ వాళ్లతోనే తడిశాను.

తడిబట్టలతోనే నిత్యానందం గారి ఇంటికి వెళ్లాను. రెండు ఉత్తరాలూ ఇచ్చాను. పడిన పలక సంగతి, మేకు ఊడిందని చెప్పుకుందామనుకున్న సంగతి చెప్పాను. ఆయన రెండూ చదివారు. వాళ్లావిడ తువ్వాలు తెచ్చి ఇచ్చింది. తర్వాత ఆయన అన్నారు, "నీకు మెమో ఇవ్వక తప్పదమ్మా. నాకు కూడా ఒకటి వస్తుంది. చెవిని పరీక్షగా రాసి ఫైల్లో పెట్టింది నేను. ఆ చెవిని ఒకసారి పరీక్షిద్దామని నాకూ తోచలేదు."

ప్రారంభోత్సవం వాయిదా పడింది. పైవాళ్లు మండిపడుతున్నారు. నెలాఖరులోగా కప్పు తేల్చకపోతే పలకంతా పీకించి రేకులు వేయిస్తామన్నారు. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, ఎటు తిరుగుతుందో తెలియదు. నా ప్రొబేషన్ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

నాకు తెలియనివి మూడు. పలక కప్పు మీద ఉండగానే తట్టి తెలుసుకోవచ్చా? అన్నీ దింపాల్సిందేనా? దింపితే ఎవరు చూస్తారు? పాల్ రాజు చెవి మంచిదేగానీ కప్పు మీద అతను లేకపోతే పని నడవదు. నాకు వినడం చేతకాదు. ల్యాబువాళ్లు రోజుకు ఇరవై పలకలకు మించి చూడలేమంటున్నారు.

నువ్వేమంటే అది చేస్తాను అని రాయబోయి ఆగాను. నువ్వు రాసినదాన్ని ఈసారి చదివి, సరిచూసి, అప్పుడు చేస్తాను.

ప్రియ

*

మార్కాపురం,
అక్టోబరు 11, శనివారం.

చిరంజీవి ప్రియకు,

నీ ఉత్తరం ఈ రోజు పదకొండు గంటలకు అందింది. అల్పపీడనం మాట చూశాక సోమవారం వరకు ఆగడం మంచిది కాదని వెంటనే రాస్తున్నాను. ఇది స్పీడ్ పోస్టులో వస్తుంది. మీ అమ్మ నిన్న వచ్చింది, చెవి సంగతి చెప్పాను. ఏడ్చింది, తర్వాత టీవీ మోత తగ్గించింది. ఇదే కాగితాన్ని దానితో ఫోటో తీయించి నీకు ఫోనులో కూడా పంపిస్తున్నాను. ఇకనుంచి అట్లా పంపవచ్చు.

నీ కోపం సబబే. సొరుగులో మూడు రోజులు పెట్టావు, నేను ఏడాది పెట్టాను. ఆ లెక్కలో నాదే ఎక్కువ.

నీ మూడు ప్రశ్నలకు జవాబులు. కప్పు మీద ఉన్న పలక మోగదు. మేకులు, పై వరుస బరువు కలిసి మోతను అణిచేస్తాయి. మంచిది కూడా మొద్దుగానే పలుకుతుంది. కాబట్టి దింపాల్సిందే. తూర్పు వాలు అడుగు వరుసలు మొదటి నాలుగు పెట్టెలవి, వాటి జోలికి పోనక్కర లేదు. చూడవలసిన మనిషి రూతమ్మ.

నీ ఉత్తరం రాకముందే, నిన్న మధ్యాహ్నం దాన్ని అడగడానికి వాళ్లింటికి పోయాను. కొడుకు వైపు మనవణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. విశాఖపట్నం రావాలి, ప్రతి పలకా నువ్వే తట్టి చెప్పాలి, నువ్వు చెప్పిందే ఖాయం అన్నాను. నమ్మలేదు. "నేనేంది, సర్కారు ఇల్లేంది టీచరమ్మా" అంది. మళ్లీ చెప్పాను. "నువ్వు పక్కన కూసుంటివంటే నాకు నోరు రాదు" అంది. అయితే దూరంగా కూర్చుంటానన్నాను. నవ్వలేదు. నా ముఖంలోకి చూసింది. "నేను పగులంటే, నువ్వు మంచిదనవు గదా?" అని అడిగింది. అననని మాట ఇచ్చాను. మనవణ్ణి కోడలికి అందించి, ఎన్ని చీరలు పెట్టుకోవాలి అంది.

అది వస్తుంది. ఇక జరగవలసినవి ఇవి.

1. ఈ కాగితం నీ ఫోనులో చూసిన గంటలోపు వరండా చుట్టూ తాడు కట్టించు. కప్పు తేలేవరకు దాని కింద ఎవరూ నిలబడకూడదు. పిల్లల కోసం వేరే టెంటు వేయించు.

2. గాలి పెరిగేలోపు పడమటి వాలు పైవరుసల నుంచి దింపడం మొదలుపెట్టాలి. దింపినచోట టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించాలి. దింపిన పలకలు నిలువుగా పేర్చాలి, పడుకోబెట్టకూడదు.

3. రూతమ్మ, నాగులు, నేను 14న మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కుతాం. 15 పొద్దున దిగుతాం. రూతమ్మకు పడుకోవడానికి మంచం, కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీ ఉండాలి. నిత్యానందం గారు, మీ మేస్త్రి, మీ మనుషులందరూ దాన్ని రూతమ్మ గారు అని పిలవాలి.

4. పలక తట్టేది రూతమ్మ. మంచిదయితే కుడిచెయ్యి, పగులయితే ఎడమచెయ్యి ఎత్తుతుంది. నేను పది గజాల దూరంలో కూర్చుని, చెయ్యి చూసి రాస్తాను. రాయడం తప్ప నాకు ఇంకో పని లేదు.

5. మొదటి రోజు మధ్యాహ్నం రూతమ్మ మంచివన్నవాటిలో ఇరవై, పగుళ్లవన్నవాటిలో ఇరవై తీసి ల్యాబుకు పంపు. దాని చెవిని కూడా పరీక్షించాలి. అది ఒప్పుకుంది. అడగగానే ఒప్పుకుంది.

6. తగ్గిన పలకలకు నాగులు కొత్త రాయి తీశాడు. అవి మాతో రావు. రూతమ్మ తిరిగి వచ్చి చూశాకే లారీ ఎక్కుతాయి.

7. ఫైల్లో ఉన్న నా జూన్ ఉత్తరం తీసేయవద్దు. దాని వెనక నా సెప్టెంబరు ఉత్తరం పెట్టించు. రెండూ ఉండాలి. ఇకమీదట పరీక్షించినవారు అన్నచోట రూతమ్మ పేరు రాసి, దాని సంతకమే పెట్టించు. అదే సంతకం చేస్తుంది, నేను నేర్పాను.

8. నీకు మెమో వస్తే జవాబు నువ్వే రాయి. నేను దిద్దను.

9. చెవి మిషను కోసం 27న డాక్టరు రమ్మన్నాడు. అప్పటికి పని కాకపోతే తేదీ మార్పిస్తాను. మానను.

10. పైన రాసినవాటిలో తప్పు కనిపిస్తే, "అవ్వా, ఇది తప్పు" అని ఉత్తరం మొదటి వరుసలోనే రాయాలి. మోకాళ్ల క్షేమం అడిగిన తర్వాత కాదు.